రెండుసార్లు ఢిల్లీకి వచ్చిన అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రాయబారులు అనగానే మనవాళ్ళకి కెన్నెడీ పంపిన ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ గుర్తొస్తాడు. బౌల్స్ పేరు చెబితే "ఎక్కడో విన్నట్టుంది" అంటారు. స్టాలిన్ కూతురి గురించో, పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమల గురించో, బీడీవో (బ్లాకు అభివృద్ధి అధికారి) ఆఫీసుల గురించో మాట వచ్చినప్పుడు మాత్రం తిరిగి తిరిగి ఈయన దగ్గరికే వస్తారు, మళ్ళీ అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ఢిల్లీకి రాకముందు

అసలు ఈ చెస్టర్ బౌల్స్ ఎవరండీ? క్లుప్తంగా చెప్పండి.

1901 ఏప్రిల్ 5న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. పత్రికలు నడిపిన కుటుంబం. యేల్‌లో చదువుకుని, ప్రకటనల వ్యాపారంలో బాగా సంపాదించి, యుద్ధకాలంలో ధరల నియంత్రణ అధికారిగా, ఆ తర్వాత కనెక్టికట్ గవర్నర్‌గా, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడిగా, విదేశాంగ శాఖలో రెండో స్థానంలోనూ పనిచేశాడు. పార్టీ డెమొక్రటిక్. మనకి కావాల్సిన విషయం ఏమిటంటే ఆయన భారత్‌కి రెండుసార్లు రాయబారిగా వచ్చాడు, 1951 నుంచి 1953 దాకా ఒకసారి, 1963 నుంచి 1969 దాకా ఇంకోసారి. ట్రూమన్, కెన్నెడీ, జాన్సన్ ముగ్గురు అధ్యక్షుల కింద ఇక్కడ పనిచేశాడు.

పరీక్ష రాసి విదేశాంగ సర్వీసులో చేరినవాడా?

కాదు. అమెరికాలో కొన్ని రాయబారి పదవులు సర్వీసులో పెరిగినవాళ్ళకి వెళతాయి, కొన్ని అధ్యక్షుడు నమ్మిన బయటి మనుషులకి వెళతాయి. ఎవరైనా సరే సెనేట్ ఒప్పుకోవాలి. బౌల్స్ రెండో రకం. 1951లో ఆయన పేరు సెనేట్‌కి వచ్చినప్పుడు రాబర్ట్ టాఫ్ట్ లాంటి రిపబ్లికన్లు గట్టిగా అడ్డుపడ్డారు, ధరల నియంత్రణ రోజుల కోపం వాళ్ళకి ఇంకా చల్లారలేదు.

యాడ్ ఏజెన్సీ నడిపినాయనకి రాయబారి పని ఏం తెలుస్తుంది?

ఈ ప్రశ్న అప్పట్లో అమెరికాలోనూ అడిగారు. విలియం బెంటన్ అనే మిత్రుడితో కలిసి బెంటన్ అండ్ బౌల్స్ కంపెనీని 1929 జులైలో పెట్టాడు, నాలుగు నెలలు తిరక్కుండానే షేర్ మార్కెట్ కుప్పకూలింది. అయినా నిలబడ్డారు, పైగా రేడియో కార్యక్రమాల మీద బాగా ఎదిగారు. కొనేవాళ్ళు ఏమనుకుంటున్నారో ముందు కనుక్కుని, ఆ తర్వాతే ప్రకటన రాయడం వాళ్ళ పద్ధతి. నా ఉద్దేశంలో ఆ అలవాటే ఢిల్లీలో ఆయనకి అక్కరకొచ్చింది. ఎంబసీలో కూర్చుని ఫైళ్ళు చూడటం కంటే ఊళ్ళు తిరిగి, కాలేజీ పిల్లల ప్రశ్నలకి నిలబడి జవాబు చెప్పడమే ఆయనకి ఇష్టం. 1941లో వ్యాపారం వదిలేశాడు, మళ్ళీ అటు చూడలేదు.

రేషన్ ఆఫీసర్‌గా చేశాడంటారు, నిజమేనా?

నిజమే, అదీ దేశం మొత్తానికి. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరదామనుకుంటే చెవి సమస్య వల్ల తీసుకోలేదు. ముందు కనెక్టికట్ రాష్ట్రంలో రేషన్ పని చూశాడు, 1943లో రూజ్‌వెల్ట్ ఆయన్ని ధరల నియంత్రణ సంస్థకి అధిపతిని చేశాడు. పంచదార, మాంసం, పెట్రోలు, టైర్లు, చివరికి చెప్పులు కూడా కూపన్ల మీదే ఇచ్చిన రోజులు అవి. ఆయన రేడియోలో జనంతో నేరుగా మాట్లాడుతూ, ఇది ఎందుకు అవసరమో విడమరిచి చెప్పేవాడు. యుద్ధం అయ్యాక కాంగ్రెస్ నియంత్రణలని నీరుగార్చడంతో 1946లో రాజీనామా చేశాడు.

గవర్నర్‌గా ఒక్కసారే ఎందుకు గెలిచాడు?

1948లో కొద్ది తేడాతో గెలిచాడు, 1950లో జాన్ డేవిస్ లాడ్జ్ చేతిలో ఓడిపోయాడు. మధ్యలో ఇళ్ళ నిర్మాణం, స్కూళ్ళు అంటూ చాలా మొదలుపెట్టాడు. రాష్ట్ర నేషనల్ గార్డ్‌లో నల్లవాళ్ళని వేరుగా ఉంచే పద్ధతి ఎత్తేశాడు, అది 1949 నాటి మాట. సొంత పార్టీ పాతకాపులతోనే పొసగలేదు.

## మొదటి విడత: 1951–53

ఇండియానే కావాలని ఎందుకు అడిగాడు?

ట్రూమన్ కూడా ఇదే అడిగాడు. బౌల్స్ తర్వాత చెప్పిన దాన్నిబట్టి ట్రూమన్ మనసులో ఇండియా అంటే వీధుల్లో ఆవులు, గంగలో స్నానాలు, విపరీతమైన పేదరికం. ఆ దేశం అంత ముఖ్యమని ఎవరైనా అనుకుంటారని ఆయనకి తోచనే లేదు. బౌల్స్ లెక్క వేరు. చైనా 1949లో కమ్యూనిస్టుల చేతికి వెళ్ళింది, ఆసియాలో ఓటు పెట్టెతో పేదరికాన్ని గెలవగలమని చూపించగలిగే పెద్ద దేశం ఇక ఇండియా ఒక్కటే, అది ఓడిపోతే ఇంకేం మిగలదు అని ఆయన గట్టి నమ్మకం. ఇక్కడే నేపాల్ బాధ్యత కూడా చూశాడు.

పిల్లల్ని సైకిళ్ళ మీద మామూలు స్కూలుకి పంపాడట, కట్టుకథేమో కదా?

కట్టుకథ కాదు. బౌల్స్ పిల్లలు విదేశీయుల స్కూలుకి కాకుండా ఢిల్లీ పబ్లిక్ స్కూల్‌కి వెళ్ళారు. ఇవాళ ఆ పేరు వింటే లక్షల ఫీజులు గుర్తొస్తాయి గానీ అప్పటికి అది పెట్టి రెండు మూడేళ్ళే, క్లాసులు గుడారాల కింద నడిచేవి. రాయబారి కూతురు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, మిగతా పిల్లలతో కలిసి హిందీ అక్షరాలు దిద్దుకుందంటే ఆ రోజుల్లో ఢిల్లీ ఎంత వింతగా చూసి ఉంటుందో ఊహించుకోండి. పెద్దమ్మాయి సింథియా తర్వాత శాంతినికేతన్‌లో కూడా చదివింది, ఆ అనుభవాల మీద ఒక పుస్తకమూ రాసింది. కుటుంబం రాటెన్‌డన్ రోడ్డులో, రాయబారి హోదాకి చిన్నదనిపించే ఇంట్లో ఉండేది. ఇదంతా ప్రచారం కోసమే అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ప్రచారం కోసం పిల్లని శాంతినికేతన్ దాకా ఎవరూ పంపరని నేను అనుకుంటాను.

బ్లాకులు, బీడీవోలు... ఇదంతా అమెరికావాళ్ళు తెచ్చిపెట్టిన పద్ధతేనా?

సగం నిజం. దీని వేళ్ళు ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో ఉన్నాయి. ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్, స్థానిక ప్రభుత్వంతో కలిసి 1948లో అక్కడ కొన్ని ఊళ్ళలో ప్రయోగం మొదలుపెట్టాడు. మంచి విత్తనం, ఎరువు, బావి, బడి అన్నీ ఒకే మనిషి ద్వారా ఊరికి చేరాలన్నది ఆలోచన. బౌల్స్ అది చూసి ముచ్చటపడ్డాడు. ఇదే దేశమంతా చేద్దామని నెహ్రూతో మాట్లాడి, 1952 జనవరి 5న రెండు దేశాల మధ్య సాంకేతిక సహకార ఒప్పందం కుదిరేలా చూశాడు. ఆ ఏడాదే గాంధీ జయంతి నాడు 55 చోట్ల సమాజ వికాస పథకాలు మొదలయ్యాయి, ఒక్కోదాని కింద దాదాపు 300 ఊళ్ళు, రెండు లక్షల జనం. గ్రామసేవక్, బ్లాక్ అనే మాటలు మన పెద్దవాళ్ళ నోట్లో నానింది అప్పటినుంచే.

డబ్బులో కొంత అమెరికాది, కానీ నడిపింది మన ప్రభుత్వమే, ఎస్.కె. డే లాంటి మన అధికారులే. లోపాలూ బయటపడ్డాయి. లాభం ఎక్కువగా భూమి ఉన్న రైతుకే చేరింది, కూలీకి ఒరిగింది తక్కువ. ఆ ప్రమాదం బౌల్స్‌కి ముందే తెలుసు, అందుకే జపాన్ భూసంస్కరణల్లో పనిచేసిన వుల్ఫ్ లడెజిన్‌స్కీని 1952లో ఇక్కడికి రప్పించాడు. జనం భాగస్వామ్యం లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చాక పంచాయతీ సమితులు వచ్చాయి, మన దగ్గర 1959లో షాద్‌నగర్‌లో మొదలై 1986లో మండలాలు వచ్చేదాకా నడిచాయి. కాబట్టి మీ తాతగారు "సమితి ప్రెసిడెంట్" అన్నప్పుడల్లా ఆ కథ మొదటి పుటల్లో బౌల్స్ ఉన్నాడన్నమాట.

పొట్టి శ్రీరాములుగారి దీక్ష సమయంలో ఢిల్లీలో ఈయనే ఉన్నాడా?

అవును. శ్రీరాములుగారు 1952 డిసెంబర్ 15న అమరులయ్యారు, నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు, అప్పుడు అమెరికా రాయబారి బౌల్స్. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం ఏర్పడేనాటికి వెళ్ళిపోయాడు. రాష్ట్ర ఏర్పాటు పూర్తిగా మన ఇంటి వ్యవహారం, ఆయన చెయ్యి ఏమీ లేదు.

అయితే తెలుగు నేలతో ఇంకో రకమైన ముడి ఉంది. మొదటి సాధారణ ఎన్నికలు ఆయన కళ్ళముందే జరిగాయి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో కమ్యూనిస్టులు, హైదరాబాద్ రాష్ట్రంలో పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో వాళ్ళే, పెద్ద సంఖ్యలో గెలిచారు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఎన్నికల్లో కమ్యూనిస్టులు పుంజుకున్న తీరు చూపించే, ఇండియాకి సాయం పెంచమని బౌల్స్ వాషింగ్టన్‌ని ఒత్తిడి చేశాడు.

1953లో ఎందుకు వెళ్ళిపోయాడు?

అమెరికాలో ప్రభుత్వం మారింది. అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ వచ్చాడు, విదేశాంగ మంత్రిగా డల్లెస్ వచ్చాడు. ఉండాలని బౌల్స్‌కి ఉంది, వాళ్ళకి లేదు. మార్చిలో వెళ్ళిపోయాడు, జార్జ్ ఆలెన్ వచ్చాడు.

## మధ్యలో వాషింగ్టన్ రోజులు

పాకిస్తాన్‌కి ఆయుధాలు ఇవ్వొద్దని చెప్పిన అమెరికన్ ఈయనేనా?

చెప్పినవాళ్ళలో ముందువరసలో ఉన్నవాడు. 1954లో అమెరికా, పాకిస్తాన్‌తో సైనిక సాయం ఒప్పందం చేసుకుంది. రష్యా మీదికి అని ఇచ్చే ఆయుధాలు చివరికి ఇండియా మీదికే తిరుగుతాయి, ఇండియా రష్యా వైపు వెళుతుంది అని బౌల్స్ పదేపదే రాశాడు, మాట్లాడాడు. పదకొండేళ్ళ తర్వాత 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర మన సైన్యం బద్దలుకొట్టిన ప్యాటన్ ట్యాంకులు అమెరికా ఇచ్చినవే. ఆ సమయానికి ఆయన మళ్ళీ ఢిల్లీలో రాయబారి. తను వద్దన్న పని ఫలితానికి తనే సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

కెన్నెడీ ఆయన్ని పదవి నుంచి తీసేశాడంటారు, ఏం తప్పు చేశాడు?

1960 ఎన్నికల్లో బౌల్స్ కెన్నెడీకి విదేశాంగ సలహాదారు. గెలిచాక విదేశాంగ శాఖలో మంత్రి డీన్ రస్క్ తర్వాతి స్థానం దక్కింది. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి ముందే, ఇది తప్పు, నైతికంగానూ తప్పు అని రస్క్‌కి రాతపూర్వకంగా చెప్పాడు. దాడి ఘోరంగా విఫలమైంది. ఆయన ముందే వ్యతిరేకించాడన్న సంగతి పత్రికలకెక్కింది, అందరూ తలదించుకున్న వేళ ఈయన ఒక్కడే చేతులు కడుక్కున్నట్టు కనిపించిందని కెన్నెడీ మనుషులకి మండింది. శాఖని సరిగ్గా నడపలేదన్న ఫిర్యాదూ ఉంది, అందులో కొంత నిజమూ ఉంది, ఆయన ఆలోచనల మనిషి, ఫైళ్ళ మనిషి కాదు. నవంబర్ చివర్లో ఆయన్ని పక్కకి తప్పించి జార్జ్ బాల్‌ని పెట్టారు. ఒక మాట మాత్రం చెప్పాలి, ఆ కొద్ది నెలల్లోనే జపాన్‌కి రైషావర్ లాంటి, ఆ దేశపు భాష వచ్చిన రాయబారులు వెళ్ళడంలో బౌల్స్ పాత్ర పెద్దది.

## రెండో విడత: 1963–69

కెన్నెడీ బతికుంటే మనకి రష్యా మిగ్ యుద్ధవిమానాలకి బదులు అమెరికా విమానాలు వచ్చేవా?

ఖాయంగా చెప్పలేం, కానీ బౌల్స్ చివరిదాకా అలాగే నమ్మాడు. 1962 చైనా యుద్ధం తర్వాత ఇండియాకి కొన్నేళ్ళపాటు కచ్చితమైన సైనిక సాయం ఇవ్వాలని ఆయన ప్రతిపాదన. అది ఒప్పించడానికి 1963 నవంబర్‌లో వాషింగ్టన్ వెళ్ళాడు, కెన్నెడీతో సమావేశం ఇంక కొద్ది రోజుల్లో ఉందనగా డాలస్‌లో కెన్నెడీని కాల్చి చంపారు. మళ్ళీ మొదటినుంచి మొదలు. 1964 మేలో రక్షణ మంత్రి వై.బి. చవాన్ అమెరికాలో ఉన్నాడు, చర్చలు ఒక కొలిక్కి వస్తున్నాయి, అంతలో మే 27న నెహ్రూ పోయాడు, చవాన్ తిరిగొచ్చేశాడు. అమెరికా ఆధునిక యుద్ధవిమానాల విషయంలో నానుస్తూనే ఉంది, రష్యా మిగ్-21లు ఇచ్చింది. మన వైమానిక దళం ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు వాటి మీద ఆధారపడిందో అందరికీ తెలిసిందే.

పీఎల్-480 గోధుమల గొడవలో బౌల్స్ ఎటువైపు?

గోధుమలు ఆపకుండా పంపాలన్న వైపు. 1965లోనూ 1966లోనూ వరసగా వానలు మొహం చాటేశాయి. 1966లో బయటినుంచి తెచ్చుకున్న ధాన్యం దాదాపు కోటి టన్నులు, అందులో ఎక్కువ అమెరికాది. ఓడ రేవుకొస్తేనే రేషన్ షాపు తెరిచే పరిస్థితి. మన పల్లెల్లో ఎర్ర గోధుమలు, బడిలో పాలపొడి, ఉప్మా గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అన్నం తినే నోటికి ఆ గోధుమ సంకటి ఎక్కడానికి ఎన్నాళ్ళు పట్టిందో మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు.

ఆ సమయంలో అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాల ఒప్పందం చెయ్యకుండా, నెలకి సరిపడా మాత్రమే, అదీ తను స్వయంగా సరే అంటేనే పంపే పద్ధతి పెట్టాడు. రెండు కారణాలు. ఇండియా వ్యవసాయం మీద శ్రద్ధ పెట్టాలన్నది ఒకటి, అందులో న్యాయం ఉంది, బౌల్స్ కూడా ఎరువుల గురించి అదే పోరుతున్నాడు, మన మంత్రి సి. సుబ్రహ్మణ్యం ఆలోచనా అదే. రెండోది వియత్నాం. అమెరికా బాంబుల మీద ఇందిరాగాంధీ విమర్శ జాన్సన్‌కి గిట్టలేదు. ఇండియా అంటున్నది ఐక్యరాజ్యసమితి కార్యదర్శి, పోప్ అంటున్నదే కదా అని బౌల్స్ వాదిస్తే, వాళ్ళకి మన గోధుమలు అక్కర్లేదుగా అని అవతలినుంచి జవాబొచ్చింది. ఆకలితో ఉన్నవాడి నోటికాడ ముద్ద పట్టుకుని బేరమాడకూడదని ఆయన టెలిగ్రామ్ మీద టెలిగ్రామ్ పంపాడు. ఇండియా మనిషైపోయాడని వాషింగ్టన్‌లో ఆయన మాటకి విలువ తగ్గింది. ఈయన్ని నేను గౌరవించేది ముఖ్యంగా ఈ రెండేళ్ళ కోసమే.

వయ్యారిభామ మొక్క అమెరికా గోధుమలతోనే వచ్చిందా?

జనం అలాగే చెప్పుకుంటారు, కాంగ్రెస్ గడ్డి అన్న పేరూ అలా వాడుకలోకి వచ్చిందంటారు. పుణె ప్రాంతంలో అది విరివిగా కనిపించింది 1950ల మధ్యలో. పీఎల్-480 కింద ఇండియా మొదటి ఒప్పందం 1956 ఆగస్టులో. అంతకు వందేళ్ళకి పైగా ముందే ఈ మొక్క నమూనాలు ఇక్కడ సేకరించినట్టు వృక్షశాస్త్రజ్ఞులు చూపిస్తారు. దిగుమతి ధాన్యం వల్ల ఇంకా వ్యాపించి ఉండొచ్చు, మొదలైంది మాత్రం దానితో కాదు. బౌల్స్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు, అయినా ఆయన పేరెత్తితే ఈ ప్రశ్న వస్తుంది కాబట్టి చెప్పాను.

హైదరాబాద్, విశాఖలకి ఆ రోజుల గుర్తులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సహకారంతో మొదలైంది. ఉస్మానియా ఆవరణలో అమెరికన్ అధ్యయనాల పరిశోధన కేంద్రం కూడా 1964లోనే వచ్చింది, దేశం నలుమూలల నుంచి పరిశోధకులు ఆ లైబ్రరీ కోసం వచ్చేవారు. విశాఖలో అమెరికన్ కంపెనీల భాగస్వామ్యంతో కట్టిన కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది, "గ్రోమోర్" బస్తా తెలియని రైతు మన దగ్గర ఉండడు. ఇవన్నీ బౌల్స్ ఒక్కడి ఘనత కాదు, ఆయన రాయబారిగా ఉన్న రోజుల్లో జరిగినవి.

స్టాలిన్ కూతురిని ఇండియా నుంచి దాటించింది ఈయనేనా?

నిర్ణయం ఆయనదే. స్వెత్లానా అలిలుయేవా, తను భర్తగా భావించిన బ్రజేశ్ సింగ్ చనిపోతే, అస్థికలు తీసుకుని 1966 డిసెంబర్‌లో ఇండియా వచ్చింది. ఆయన సొంతూరు ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్. ఇక్కడే ఉండిపోవాలనుకుంది, రష్యా ఒప్పుకోలేదు, మన ప్రభుత్వమూ ఇబ్బంది పడింది. 1967 మార్చి 6 సాయంత్రం చిన్న సూట్‌కేసుతో టాక్సీ దిగి అమెరికా ఎంబసీ మెట్లెక్కి, నేను స్టాలిన్ కూతుర్ని అని చెప్పింది. అక్కడున్నవాళ్ళకి ముందు నమ్మకం కుదరలేదు, స్టాలిన్‌కి కూతురుందన్న సంగతే చాలామందికి తెలియదు.

బౌల్స్ ఆ సాయంత్రం ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉన్నాడు. కాదని పంపేస్తే ఆమె గతి ఏమిటి? ఎంబసీలో దాచితే తెల్లారేసరికి ఇండియా, రష్యా రెండూ గుమ్మం ముందుంటాయి. ఆమె దగ్గర రష్యా పాస్‌పోర్టు ఉంది, చట్టప్రకారం ఏ విమానమైనా ఎక్కొచ్చు. అందుకే వాషింగ్టన్‌కి టెలిగ్రామ్ ఇచ్చాడు, అర్ధరాత్రిలోపు వద్దనకపోతే వీసా ఇచ్చి పంపేస్తున్నానని. జవాబు రాలేదు. రాబర్ట్ రేల్ అనే సీఐఏ అధికారిని తోడిచ్చి రోమ్ వెళ్ళే విమానం ఎక్కించారు. తర్వాత వాషింగ్టన్‌లో కొందరు గింజుకున్నారు, ఢిల్లీకీ కోపం వచ్చింది. ఆమె స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్ళుండి ఏప్రిల్ 21న న్యూయార్క్ చేరింది.

జబ్బుతోనే పనిచేశాడంటారు, నిజమేనా?

నిజం. రెండో విడతలో పార్కిన్సన్స్ మొదలైంది. చేతి వణుకు, మాట తడబాటు క్రమంగా పెరిగాయి. అయినా 1968 జనవరిలో జాన్సన్ తరఫున కంబోడియా వెళ్ళి ఆ దేశాధినేత సిహనౌక్‌తో చర్చలు జరిపి వచ్చాడు.

## ఆ తర్వాత

గాల్‌బ్రెయిత్, బౌల్స్‌లలో ఎవరు గొప్ప?

గాల్‌బ్రెయిత్ రెండేళ్ళే ఉన్నా, చైనా యుద్ధం ఆయన కాలంలో వచ్చింది, కెన్నెడీకి నేరుగా ఉత్తరం రాయగల చనువుంది, గొప్పగా రాస్తాడు కూడా. పేరు అందుకే నిలిచింది. బౌల్స్ రెండు విడతలూ కలిపి ఏడేళ్ళు ఉన్నాడు, ఎక్కువసార్లు తన మాట వినని అధ్యక్షుడి కింద. పలుకుబడి చూస్తే గాల్‌బ్రెయిత్, ఈ దేశం మీద పెట్టుకున్న ప్రాణం చూస్తే బౌల్స్. నన్నడిగితే నాది బౌల్స్ పక్షం.

రిటైరయ్యాక ఏం చేశాడు?

1969 ఏప్రిల్‌లో ఢిల్లీ వదిలాడు, ఆ స్థానంలోకి కెనెత్ కీటింగ్ వచ్చాడు. 1971లో ఆత్మకథ అచ్చయింది. తర్వాత జబ్బు ముదిరింది, కనెక్టికట్ నది ఒడ్డున ఎసెక్స్‌లోని ఇంట్లోనే ఎక్కువగా గడిపాడు. 1986 మే 25న, 85వ ఏట అక్కడే కన్నుమూశాడు. ఆయన ఉత్తరాలు, కాగితాలు యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి.